‘సావాస దోషం’లో సగమే నిజం

సంపాదకులకు నమస్కారం.

పెళ్లికాని యువతీ యువకుల శారీరక సంబంధాల మాట పత్రికల్లోకి వచ్చినప్పుడల్లా ముగ్గురు ముద్దాయిలు బోనెక్కుతారు: స్నేహితులు, ఫోను, సినిమా. ముగ్గురికీ పాత్ర ఉంది. కానీ ఎవరి పాత్ర ఎంత, అది ఏ దారిన పనిచేస్తుంది అన్న విచారణ జరక్కుండానే తీర్పు వచ్చేస్తుంది. రోగం తప్పుగా తేలిస్తే మందూ తప్పుతుంది. ఫోను లాక్కున్న ఇంట్లో, పెళ్లిదాకా ఆగుతామని ప్రమాణం చేయించిన బడిలో పెద్దలు తమ పని అయిపోయిందనుకుంటారు. పిల్లలు మాత్రం ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉంటారు. పరిశోధనల్లో తేలినదాన్ని, బడిలోనూ ఇంట్లోనూ చేయదగ్గ పనులతో కలిపి మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాం.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఒకే అలవాటున్న నలుగురు ఒకచోట కనిపిస్తే ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారనే అనుకుంటాం. మరి వారు వీరయ్యారా, తమలాంటి వారినే వీరు ముందుగా ఏరుకున్నారా? రెండూ జరుగుతాయి. ఒక్కసారి అడిగి వదిలేసే సర్వే ఈ రెండింటినీ విడదీయలేదు. అవే పిల్లల్ని ఏడాదికోసారి మళ్లీ అడిగితేనే స్నేహం ముందా, అలవాటు ముందా అన్నది తెలుస్తుంది. అలా వెంబడించి చూసినప్పుడు స్నేహితుల ప్రభావం ఉన్నట్టే తేలుతుంది, కాకపోతే పైకి కనిపించినంత పెద్దది కాదు. ‘వాడితో తిరగడం మానెయ్’ అన్న ఆజ్ఞ ఎందుకు పారదో ఇక్కడే అర్థమవుతుంది. ఆ స్నేహితుడు పోతే వాడిలాంటివాడే ఇంకొకడు దొరుకుతాడు, ఎందుకంటే ఏరుకునే చెయ్యి మారలేదు.

స్నేహితులు నిజంగా ఏం చేస్తున్నారన్నది ఒకటైతే, వాళ్లు చేస్తున్నారని మనం అనుకునేది ఇంకొకటి. ఈ రెండోది మనం పట్టించుకోని ప్రభావం. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో ట్రేసీ లాంబర్ట్, ఆమె సహ పరిశోధకులు అమెరికా కాలేజీ విద్యార్థులను రెండు రకాల ప్రశ్నలు అడిగారు. పెద్దగా పరిచయం లేనివారితో శారీరకంగా దగ్గరవడం మీకు ఎంతవరకు సమ్మతం? మీ తోటివారికి ఎంతవరకు సమ్మతమని మీ అంచనా? తమకంటే తోటివారికే అది ఎక్కువ సమ్మతమని అబ్బాయిలూ అన్నారు, అమ్మాయిలూ అన్నారు. అందరికందరూ అందరికంటే వెనక ఉండటం లెక్కకు కుదరదు. గదిలో చాలామంది లోలోపల వెనకాడుతూ, వెనకాడుతున్నది తానొక్కరేననుకుంటున్నారన్నమాట. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది దాని తర్వాతి మాట: అబ్బాయిలు అమ్మాయిల సమ్మతిని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకున్నారు. ఆమెకు ఇష్టమేనన్న అంచనాతో వచ్చినవాడికి ఆమె తటపటాయింపు బెట్టుగా కనిపిస్తుంది. బలవంతానికి బాట అక్కడే పడుతుంది.

ఈ తప్పుడు అంచనా ఎలా పుడుతుందంటే, ముందుగా, చేసినవాళ్లు మాట్లాడతారు, చెయ్యనివాళ్లు నోరు మెదపరు. ‘నేనింకా ఎవరితోనూ లేను’ అని హాస్టల్ గదిలో ఎవరూ ప్రకటించరు. ఆ మౌనం అంగీకారంలా వినిపిస్తుంది. కోతలు కోసేవాళ్లు దీనికి అదనం. ఇక రెండో కారణం లెక్కకు సంబంధించినది. సగటున మన స్నేహితులకు మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారని సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ 1991లో చూపించాడు. వింతగా ఉన్నా కారణం తేలిక. ముప్ఫైమందికి స్నేహితుడైనవాడు ముప్ఫై జాబితాల్లో ఉంటాడు, ఇద్దరికి స్నేహితుడైనవాడు రెండింటిలోనే ఉంటాడు. పలుకుబడి ఉన్న ఆ కొద్దిమందికి ఏదైనా అలవాటు ఉంటే, అది తరగతిలో పదిమందిలో ఒకరికే ఉన్నా, చాలామంది కళ్లకు ‘నా చుట్టూ అందరూ అంతే’ అనిపించవచ్చు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా చాలామంది మోసపోయారు.

ఈ అంచనాను సరిదిద్దడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక పీరియడు, కొన్ని కాగితపు చీటీలు, ఒక మూత ఉన్న పెట్టె చాలు. కనీసం పాతికమంది ఉండాలి. అంతకంటే తక్కువైతే ఎవరేం రాశారో పక్కవాళ్లు పసిగట్టేస్తారు. అందరికీ ఒకే కొలత చీటీ, ఒకే రంగు పెన్ను ఇవ్వాలి. చీటీ మీద ముందే అచ్చువేసిన ప్రశ్నలుండాలి, జవాబు టిక్కుతోనో అంకెకు సున్నా చుట్టడంతోనో అయిపోవాలి, అక్షరం ముక్క రాయించకూడదు. ఎందుకంటే చేతిరాత పేరుతో సమానం. మొదటి ప్రశ్న: ‘ఇద్దరు ప్రేమించుకుంటుంటే శారీరక సంబంధం ఉండి తీరాలని నేను అనుకుంటున్నాను. అవును, కాదు.’ రెండోది: ‘ఈ గదిలో ప్రతి 10 మందిలో ఎంతమంది అవును అని టిక్కు పెడతారని నీ అంచనా?’ అబ్బాయిల చీటీ మీద ఒక గుర్తు, అమ్మాయిల చీటీ మీద వేరొక గుర్తు ముందే వేసి ఉంచితే తర్వాత విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. రాయడానికి 5 నిమిషాలు. లెక్క అక్కడే కట్టొద్దు, విద్యార్థుల చేత అసలే కట్టించొద్దు. మర్నాటికి రెండే అంకెలు బోర్డు మీదికి రావాలి: అవునన్నది 10కి ఎంతమంది, అవునంటారని ఊహించింది 10కి ఎంతమంది. అవి రాసి ఓ నిమిషం పాటు ఏమీ మాట్లాడకూడదు. ఆ నిమిషం మౌనంలో జరిగేది గంట ఉపన్యాసంలో జరగదు. తర్వాత ఒకటే అడగాలి: ‘ఈ రెండింటికీ మధ్య తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?’ మిగతాది వాళ్లే మాట్లాడతారు. ఆఖరున అబ్బాయిల ఆలోచన గురించి అమ్మాయిలు వేసిన అంచనా, అమ్మాయిల ఆలోచన గురించి అబ్బాయిలు వేసిన అంచనా చూపించాలి. అందుకు చీటీలో మూడో ప్రశ్న పెట్టుకోవాలి. అవతలివాళ్ల మీద ఉన్న భ్రమ ఎక్కువగా వీడేది ఇక్కడే.

ఇందులో తప్పులు జరగడానికి చాలా తావుంది. అన్నిటికంటే పెద్ద తప్పు ‘నువ్వు చేశావా’ అని అడగడం. అది ఆ విద్యార్థి సొంత విషయం, పైగా చిన్న తరగతిలో ‘ఒక్కరు అవునన్నారు’ అని బోర్డు మీద రాస్తే ఆ ఒక్కరు ఎవరన్న వేట మొదలవుతుంది. అడగాల్సింది అభిప్రాయం, అనుభవం కాదు. ఫలితం రెండు చీటీలో మూడు చీటీలో అయితే అంకె చెప్పకుండా ‘చాలా కొద్దిమంది’ అనాలి. స్నేహితులు ఒకే బెంచీ మీద కూర్చుని రాస్తే ఒకరి చీటీ ఒకరు చూసుకుంటారు, ఎడం జరగమనాలి. ఇక ఉపాధ్యాయులు ఎక్కువగా భయపడే సందర్భం: అసలు అంకె ఊహించిన అంకెకంటే పెద్దదైతే? అప్పుడు ఆ అంకె చూపించకూడదు. ఎందుకన్నది వేరే రంగంలో జరిగిన ప్రయోగం ఒకటి తేల్చింది. 2007లో వెస్లీ షుల్ట్జ్ బృందం కాలిఫోర్నియాలో ఇళ్లకు ఇరుగుపొరుగు సగటు కరెంటు వాడకం చెప్పి చూసింది. సగటుకంటే ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లు పెంచారు! సగటు అనేది అయస్కాంతం, రెండు వైపుల నుంచీ లాగుతుంది. తక్కువ వాడేవాళ్ల కాగితం మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు ముఖం గీస్తే ఆ పెరుగుదల ఆగింది. కాబట్టి మన తరగతిలో వేరే ప్రశ్న చేతిలో సిద్ధంగా ఉండాలి: ‘ఇష్టం లేకపోయినా ఎదుటివారి కోసం ఒప్పుకోవడం సరేనా?’ ఇలాంటి ప్రశ్నకు సరేననేవాళ్లు తక్కువగానే ఉంటారు, సరేనంటారని ఊహించేవాళ్లు ఎక్కువగా ఉంటారు. ఒక్కసారి చేస్తే జన్మంతా ఉండిపోయే మార్పు కాదిది. కొత్త తరగతి, కొత్త హాస్టలు, కొత్త ఉద్యోగం వచ్చినప్పుడల్లా చుట్టూ ఉన్న గుంపు మారుతుంది, భ్రమ మళ్లీ మొదటికొస్తుంది.

అంకెల మాట వచ్చింది కాబట్టి పత్రికలకు నేరుగా వర్తించేది ఒకటి. ‘యువతలో ఇంత శాతం’ అని శీర్షిక పెట్టేముందు ఆ ప్రశ్న ఎవరు, ఎక్కడ, ఎలా అడిగారో చూడాలి. ఇంటి వరండాలో, తల్లి వింటుండగా అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు వేరు, హెడ్‌ఫోన్లలో ప్రశ్న వింటూ కంప్యూటరు మీద తానే మీట నొక్కి ఇచ్చే జవాబు వేరు. 1995లో అమెరికాలో 15 నుంచి 19 ఏళ్ల అబ్బాయిల మీద జరిగిన జాతీయ సర్వేలో మగవారితో లైంగిక సంబంధం గురించి కాగితం మీద రాయమంటే 1.5 శాతం మంది అవునన్నారు, హెడ్‌ఫోన్ పద్ధతిలో 5.5 శాతం మంది అవునన్నారు. దేశం అదే, వయసు అదే, అడిగిన తీరు మాత్రమే మారింది. ఇంకో చిన్న పరీక్ష పాఠకులే చేసుకోవచ్చు. ఒక సమాజంలో అబ్బాయిలూ అమ్మాయిలూ దాదాపు సమాన సంఖ్యలో ఉండి, సంబంధాలు వాళ్ల మధ్యనే ఉంటే, ప్రతి సంబంధమూ రెండు వైపులా ఒక్కోసారి లెక్కకొస్తుంది. ఆ లెక్కన రెండు వైపుల సగటూ సమానంగా ఉండాలి. అబ్బాయిల సగటు రెండింతలని ఏదైనా సర్వే చెబితే, కొందరు పెంచి చెప్పారు, కొందరు దాచారు, లేదా కొందరిని అసలు అడగనేలేదు. అలాంటి అంకెలు అచ్చులోకి వెళ్తే మనం పైన చెప్పిన భ్రమకు పత్రికే ఎరువు వేసినట్టవుతుంది.

ఫోను, సినిమాల సంగతి. 2004లో రెబెక్కా కాలిన్స్ బృందం 12 నుంచి 17 ఏళ్ల 1,792 మందిని ఏడాది పాటు గమనించింది. టీవీలో లైంగిక సన్నివేశాలు ఎక్కువ చూసినవాళ్లు ఆ ఏడాదిలో సంబంధాలు మొదలుపెట్టే అవకాశం తక్కువ చూసినవాళ్లకంటే దాదాపు రెండింతలని తేల్చింది. ఆ ఫలితం లోకమంతా తిరిగింది. 2006లో జేన్ బ్రౌన్ బృందం కూడా అలాంటి ఫలితమే ప్రకటించింది. ఆ రెండో బృందం వివరాలను 2011లో లారెన్స్ స్టైన్‌బర్గ్, క్యాథ్రిన్ మొనాహన్ మళ్లీ పరిశీలించారు. ముందునుంచే మొగ్గు ఉన్న పిల్లలే అలాంటివి వెతుక్కుని చూస్తారు కదా, ఆ తేడాలన్నీ సరిచేసి చూస్తే ప్రభావం నిలబడలేదన్నారు. ఈ చర్చ అక్కడితో ఆగలేదు. అయినా అది చెప్పింది స్నేహితుల విషయంలో మనం చూసిందే: మళ్లీ ఏరుకునే చెయ్యే. తెర ఎప్పుడు మొదలుపెట్టిస్తుందన్నదానికంటే ఏం నేర్పుతుందన్నదే మా దిగులు. తెర మీద ఎవరూ ‘నీకు సరేనా’ అని అడగరు, ఎవరూ కండోమ్ తీయరు, వద్దన్న మాట కాసేపటికి సరేగా మారుతుంది. వేరే పాఠం ఎక్కడా దొరకని పిల్లలకు అదే పాఠ్యపుస్తకం.

ఫోనులో ఉన్న అసలు ప్రమాదం మరొకటి. ‘నన్ను నమ్మితే ఫోటో పంపు’ అనడం, పంపాక ‘బయటపెడతాను’ అనడం. ఇందులో పిల్లలు చేసే తప్పులు మూడు: అడిగినదల్లా ఇవ్వడం, భయంతో చాట్ అంతా చెరిపేయడం, ఒంటరిగా భరించడం. ఒకసారి ఇస్తే బెదిరింపు ఆగదు, ఇచ్చేవాళ్లని తెలిసిపోయాక పెరుగుతుంది. చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. బెదిరించిన మాటల స్క్రీన్‌షాట్లు, ఖాతా పేరు, తేదీ దాచాలి, ఆపైనే బ్లాక్ చేయాలి, పెద్దవాళ్లలో ఒకరికి చెప్పాలి, పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. 18 ఏళ్లలోపు ఉన్నప్పుడు తీసిన చిత్రాలకు ‘టేక్ ఇట్ డౌన్’, పెద్దవాళ్ల చిత్రాలకు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవలున్నాయి. చిత్రాన్ని ఎక్కడికీ పంపనక్కర్లేదు, ఫోనులోనే దానికొక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర మాత్రమే వెళ్తుంది. ఈ ఏర్పాటులో చేరిన వేదికలు ఆ ముద్రతో సరిపోలే చిత్రం కనిపిస్తే తీసేయగలవు.

వయసు తేడా గురించి మన చర్చల్లో దాదాపు వినపడదు. వినపడాల్సింది మాత్రం అదే. తనకంటే ఐదేళ్లో పదేళ్లో పెద్దవాడితో ఉన్న అమ్మాయి ఎప్పుడు కలవాలి, కండోమ్ వాడాలా వద్దా అన్న ఏ విషయంలోనూ సరిసమానంగా బేరమాడలేదు. బహుమతులు, ఫీజులు, ఉద్యోగం ఇప్పిస్తానన్న మాటలు త్రాసును ఇంకా ఒకవైపుకి వంచుతాయి. కెన్యాలో పాస్కలీన్ డ్యూపా అనే ఆర్థికవేత్త 328 బడుల్లో చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. కొన్ని బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్కసారి, 40 నిమిషాలు, పెద్ద మగవారితో సంబంధాల గురించి ఒక చిన్న వీడియో చూపి చర్చించి, ఏ వయసు మగవారిలో, ఏ వయసు ఆడవారిలో హెచ్‌ఐవీ ఎంతెంత ఉందో బోర్డు మీద రాసి చూపించారు. పెద్ద మగవాళ్లలో ఎక్కువ, ఈడు అబ్బాయిల్లో చాలా తక్కువ. అసలు సంబంధాలే వద్దని ఎవరూ బోధించలేదు. ఏడాదిలో ఆ బడుల అమ్మాయిల్లో గర్భాలు 28 శాతం తగ్గాయి, ఐదేళ్లకు మించి పెద్దవాళ్ల వల్ల వచ్చినవి 61 శాతం తగ్గాయి. పెళ్లయ్యేదాకా దూరంగా ఉండండన్న ప్రభుత్వ పాఠ్యప్రణాళికను బోధించేందుకు ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన బడుల్లో గర్భాల సంఖ్య మారలేదు. మేం చదివినవాటిలో ఇంత తక్కువ సమయంలో ఇంత ఫలితమిచ్చిన పాఠం మరొకటి లేదు. కొడుకులకూ కూతుళ్లకూ చెప్పాల్సింది ‘ఎవరితోనూ మాట్లాడొద్దు’ అని కాదు, ‘నీకంటే బాగా పెద్దవాళ్లు నీ వెంట పడుతున్నారంటే వాళ్ల ఈడువాళ్లు వాళ్లకెందుకు సరిపోవడం లేదో ఆలోచించు’ అని.

పెళ్లిదాకా ఆగుతామని ప్రమాణం చేయించడం చాలామంది పెద్దలకు నచ్చే మార్గం. దాని వెనక ఉన్న ఆరాటం మాకు అర్థమవుతుంది, ఆగాలనుకునేవాళ్ల నిర్ణయం గౌరవించదగ్గదే. కానీ ప్రమాణం ఎలా పనిచేస్తుందో పీటర్ బేర్‌మన్, హానా బ్రూక్నర్ 2001లో చూపించారు. ప్రమాణం చేసినవాళ్లు సగటున ఏడాదిన్నర ఆలస్యం చేశారు. అయితే బడిలో ప్రమాణం చేసినవాళ్లు కొద్దిమందిగా ఉన్నప్పుడే అది పనిచేసింది. అందరి చేతా చేయిస్తే దానికి విలువ పోయింది, ఎందుకంటే ‘మేం వేరు’ అన్న భావనే దాని బలం. అంటే ప్రమాణం కూడా ఒక సావాసమే. జానెట్ రోజెన్‌బామ్ 2009లో ప్రమాణం చేసినవాళ్లను, నమ్మకాల్లోనూ కుటుంబ పరిస్థితుల్లోనూ సరిగ్గా వాళ్లలాంటివాళ్లే అయి ప్రమాణం చేయనివాళ్లతో పోల్చి చూసింది. ఐదేళ్ల తర్వాత పెళ్లికి ముందు సంబంధాల్లో రెండు గుంపుల మధ్య తేడా లేదు. పట్టించుకోదగ్గ తేడా ఒక్కచోట ఉంది: ప్రమాణం చేసినవాళ్లు కండోమూ గర్భనిరోధకమూ తక్కువ వాడారు. ప్రమాణం చేసినవాళ్లలో 82 శాతం మంది తాము అసలు ప్రమాణమే చేయలేదన్నారు. ‘నాకిది జరగదు’ అనుకున్నవాళ్లు జరిగే రోజుకు ఏ ఏర్పాటూ చేసుకోరు, లోపం అక్కడుంది. ఆగడం గురించి మాట్లాడే ప్రతి పాఠంలోనూ ‘ఆగలేకపోతే ఏం చేయాలి’ అన్న రెండో సగం ఉండాలి. ఆ సగం చెబితే పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారం లేదు: సమగ్ర లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి మొదలుపెట్టరని 2018లో యునెస్కో సవరించిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

తల్లిదండ్రులకు రాయాల్సింది ఎక్కువ. పిల్లల్ని ఎంత కాపలా కాస్తే అంత క్షేమమని చాలాకాలం పరిశోధకులూ నమ్మారు. 2000లో స్వీడన్ పిల్లల మీద పనిచేసిన హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఆ నమ్మకాన్ని తిరగేశారు. తల్లిదండ్రులకు పిల్లల గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం నిఘా వల్ల తెలిసింది కాదు, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలిసింది. మంచి ఫలితాలతో ముడిపడి ఉన్నది కూడా ఆ చెప్పడమే. ఫోనులో రహస్యంగా గూఢచారి యాప్ పెట్టిన రోజున ఆ చెప్పడం ఆగిపోతుంది, పిల్లలు రెండో ఫోను సంపాదిస్తారు. అందుకని అడగాల్సిన ప్రశ్న ‘నా బిడ్డ ఏం చేస్తున్నాడు’ అన్నది కాదు. ‘రేపు ఏదైనా జరిగితే నాకు చెబుతాడా’ అన్నది. అది తేలేది చిన్న చిన్న విషయాల్లో, మొదటి పది సెకన్లలో. ‘అమ్మా, మా క్లాసులో ఒకమ్మాయికి బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు’ అని కూతురు అన్నప్పుడు ‘ఎవరే అది? దాంతో తిరగకు’ అంటే ఆ తలుపు మూసుకుంది. ‘అలాగా, దాని గురించి నువ్వేమనుకుంటున్నావు’ అంటే తెరుచుకుంది. ఆ మాట నిజానికి ఆ ఇంకో అమ్మాయి గురించి కాకపోవచ్చు కూడా.

ఓ రోజు కూర్చోబెట్టి అంతా చెప్పేద్దామనుకోవడం బిడియస్తుల పద్ధతి, ఇద్దరికీ అది శిక్షే. రెండు నిమిషాల మాటలు ఇరవైసార్లు కావాలి. ఎదురెదురుగా కూర్చుని కాదు, పక్కపక్కన నడుస్తూనో బండి మీద వెళ్తూనో, ముఖం చూడాల్సిన అవసరం లేనప్పుడు. శరీరం మారడం మొదలవకముందే, పదేళ్లకు ముందే మొదలుపెట్టాలి. పదిహేడో ఏట మొదలుపెడితే అది సంభాషణలా కాక అనుమానంలా వినిపిస్తుంది. లారా విడ్మన్ బృందం 2016లో 52 పరిశోధన పత్రాలు, 25,314 మంది పిల్లల వివరాలు కలిపి చూస్తే, ఇంట్లో ఇలాంటి మాటలు జరిగిన పిల్లలు కండోమ్, గర్భనిరోధకం ఎక్కువ వాడుతున్నట్టు తేలింది. ప్రభావం చిన్నదే గానీ స్థిరమైనది. కూతుళ్ల విషయంలో బలంగా, కొడుకుల విషయంలో బలహీనంగా ఉంది. తండ్రులు కొడుకులతో మాట్లాడకపోవడం అన్ని చోట్లా ఉన్న లోటే. ‘జాగ్రత్త’ అన్న ఒక్క మాట కూతురికి వంద సార్లు చెప్పి, కొడుక్కి ఒక్కసారీ చెప్పని ఇంట్లో అతను నేర్చుకునేది, జాగ్రత్త అవతలివాళ్ల పని అని.

వద్దని చెప్పడం నేర్పుతున్నామనే కార్యక్రమాలు చాలామటుకు ‘ధైర్యంగా చెప్పండి’ అని వదిలేస్తాయి. ఈత గురించి ఉపన్యాసం వింటే ఈత రాదు. మాట నోటికి అలవాటు కావాలి. ఇద్దరేసి చొప్పున విడదీసి, ఒకరు నిజంగా వాడే మాటలతోనే ఒత్తిడి పెట్టాలి: ‘నా మీద ప్రేమ లేదా’, ‘అందరూ అంతే కదా’, ‘ఇంతదాకా వచ్చాక’. రెండోవారు కారణం చెప్పకుండా వద్దనాలి. కారణం చెబితే ఎదుటివారు ఆ కారణాన్ని తొలగిస్తారు, అప్పుడు వద్దన్న మాటకు ఆధారం పోతుంది. అదే మాట రెండోసారి, మూడోసారి అనాలి, తర్వాత అక్కణ్నుంచి లేవాలి. తరగతి ముందు నిలబెట్టి చేయిస్తే అది నాటకమై నవ్వుల్లో కొట్టుకుపోతుంది. పైగా తోటివారు చూస్తున్నప్పుడు మనిషి మారిపోతాడు: మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో 306 మందితో కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించినప్పుడు, స్నేహితులు పక్కనుంటే 13-16 ఏళ్లవాళ్లు, 18-22 ఏళ్లవాళ్లు ఎక్కువ తెగింపు చూపారు, 24 దాటినవాళ్లలో ఆ తేడా చాలా తక్కువ. ఈ అభ్యాసంలో రెండో సగం ఇంకా ముఖ్యం, వినడం నేర్పడం. ‘తర్వాత చూద్దాం’, చెయ్యి పక్కకు తీసుకోవడం, మాటలు తగ్గిపోవడం, ఇవన్నీ వద్దనే. తాగి ఉన్నవారి అవును అవును కాదు.

చివరిగా, సిగ్గు ఆలస్యం చేయించకూడని గంటల లెక్క. రక్షణ లేని కలయిక తర్వాత లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వీలైనంత త్వరగా, 72 గంటల్లోపు వేసుకోవాలి. 120 గంటల వరకూ ఉపయోగం ఉండొచ్చు గానీ గంటలు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. వేసుకున్న 2 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాముల మాత్రకు 120 గంటల వ్యవధి ఉంది. వీటన్నిటికంటే గట్టిది 5 రోజుల్లోపు డాక్టరు అమర్చే కాపర్ లూప్. మాత్ర ఆ తర్వాత జరిగే కలయికకు రక్ష కాదు, ఏ జబ్బునూ ఆపదు. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉందనిపిస్తే నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు మానకుండా వాడాలి. ఇక్కడ గంట గంటా విలువైనదే. గర్భ పరీక్ష కలయిక జరిగిన 21 రోజులకు ముందు చేసి లేదనుకోవడం పొరపాటు. ల్యాబులో చేసే యాంటిజెన్-యాంటీబాడీ హెచ్‌ఐవీ పరీక్ష (వైరస్ భాగాన్నీ, దానికి శరీరం తయారుచేసుకునే ప్రతిరోధకాలనూ వెతికేది) సోకిన వైరస్‌ను పట్టుకోవడానికి 18 నుంచి 45 రోజులు, వేలి రక్తంతో చేసే యాంటీబాడీ పరీక్షకు 90 రోజుల వరకు పడుతుంది. కండోమ్‌ను లోకం వాడే తీరులో వాడితే ఏడాదిలో 100 జంటల్లో 13 మందికి గర్భం వస్తుంది, ప్రతిసారీ సరిగ్గా వాడితే 2. తేడా ఎక్కువగా ప్రతిసారీ వాడకపోవడం, మధ్యలో తొడగడం, నూనె రాయడం, గడువు చూడకపోవడం లాంటివాటి వల్ల వచ్చేదే. నూనె తగిలిన లేటెక్స్ (కండోమ్ రబ్బరు) నిమిషాల్లోనే బలహీనపడుతుంది.

సంపాదకులకు మా అభ్యర్థనలు మూడే. ఇలాంటి సర్వేల వార్త వేసినప్పుడు అడిగిన ప్రశ్నను యథాతథంగా, అడిగిన పద్ధతిని ఒక వాక్యంలో అచ్చువేయండి. ‘అవునన్నవారు ఇంతమంది’ అని రాసిన చోటే ‘కాదన్నవారు ఇంతమంది’ అన్నదీ అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. పై గంటల లెక్కను నెలకోసారి మీ ఆరోగ్య పేజీలో చిన్న బాక్సుగా, పేజీ చింపి జేబులో పెట్టుకునే కొలతలో ఇవ్వండి. ఆదివారం కంటే శుక్రవారం మేలు, ఎందుకంటే 72 గంటల లెక్క వారాంతంలో మొదలై సోమవారానికి దాదాపు అయిపోతుంది.

భవదీయులు,
కౌమార ఆరోగ్య విద్యలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు